మట్టి అంటిన తిట్టు

2013 సెప్టెంబరులో ఐఫోన్ 5ఎస్ మూడు రంగుల్లో వచ్చింది. అందులో బంగారు రంగు దాని కోసం చైనాలో జనం ఎగబడ్డారు. దుకాణంలో దొరక్కపోతే పైన డబ్బిచ్చి బయట కొనుక్కున్నారు. ఆ ఫోన్‌ని ఇప్పుడు చేతిలోకి తీసుకుని చూస్తే బంగారం అనడానికి నోరు రాదు. ముందువైపు అంచు తెలుపు. వెనక రేకు గోధుమపిండిలో చిటికెడు పసుపు కలిపినంత లేత రంగు. అల్యూమినియం రేకును ఆమ్లపు తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తే పైన సన్నటి రంధ్రాలున్న పొర ఏర్పడుతుంది. ఆ రంధ్రాల్లోకి రంగు ఎక్కించి పొరని మూసేస్తారు. రంగు లోపల ఇంకిపోయి ఉంటుంది కాబట్టి అద్దంలా తళతళలాడదు. ఇంత అణకువగా ఉన్న వస్తువుకి చైనా కుర్రకారు పెట్టిన పేరు "థూహావ్ జిన్". జిన్ అంటే బంగారం. థూహావ్ అంటే, మనకు దగ్గరగా చెప్పాలంటే, నడమంత్రపు సిరి పట్టిన మోటు మనిషి.

ఫోన్‌లో లేని ఆర్భాటం పేరులోకి ఎక్కడి నుంచి వచ్చింది? కొనేవాళ్లని చూసి పెట్టారు కాబట్టి వచ్చింది. ఎదురుగా ఉన్న రేకు రంగుని ఎవరూ సరిగ్గా చూడలేదు. "ఇలాంటి రంగు ఎవరు కొంటారు? నిన్న మొన్న డబ్బు చేసినవాళ్లు" అనుకున్నారు, ఆ అనుకోవడమే పేరైంది. ఈ మాట మీద నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఎబ్బెట్టుగా ఉన్న వస్తువుని ఎబ్బెట్టు అనాల్సిందే, అందులో నాకు మొహమాటం లేదు. కానీ థూహావ్ వంటి మాటలు వస్తువుని తిడుతున్నట్టు నటిస్తూ మనిషి పుట్టుకని తిడతాయి. ఆ రెండు పనుల్నీ విడదీయకపోతే రుచి గురించి మనం మాట్లాడేదంతా కులం గురించి మాట్లాడినట్టే అవుతుంది.

థూ, హావ్, సూ

థూ అంటే మట్టి. తెలుగు చెవికి ఉమ్మేసినట్టు వినిపిస్తుంది గానీ చైనా భాషలో అది నేల, మన్ను, స్థానికం. మట్టి నుంచి పల్లెటూరు, పల్లెటూరు నుంచి మోటు, మోటు నుంచి అభిరుచి లేనితనం వరకు ఆ ఒక్క అక్షరమే వెళ్తుంది. దానికి ఎదురు మాట యాంగ్. సముద్రం అని అసలు అర్థం. సముద్రం దాటి వచ్చినది విదేశీ, విదేశీ అంటే నాజూకు. బట్టల గురించి ఎవరైనా "భలే యాంగ్‌గా ఉంది" అంటే మెచ్చుకోలు, "థూగా ఉంది" అంటే పరువు తీసినట్టు.

హావ్ అంటే బలవంతుడు, వైభవం. రెండూ కలిపితే ఒక ప్రాంతంలో పాతుకుపోయిన బలమైన కుటుంబం. పాత చరిత్ర గ్రంథాల్లో ఈ అర్థంలోనే కనిపిస్తుంది. 1920ల్లో ఈ మాటకి పళ్లూ గోళ్లూ వచ్చాయి. హూనాన్ రైతు ఉద్యమం మీద 1927లో మావో రాసిన నివేదికలో థూహావ్‌లు రైతుల్ని పీడించే ఊరి దొరలు. వాళ్ల తలల మీద పొడవాటి కాగితం టోపీలు పెట్టి ఊరంతా తిప్పిన సంగతి అందులోనే ఉంది. "థూహావ్‌లని కొట్టండి, పొలాలు పంచండి" అన్నది ఎర్రసేన గోడల మీద రాసిన నినాదం.

ఆ మాటే ఎనభై ఏళ్ల తరవాత చైనా సోషల్ మీడియా వెయిబోలో నవ్వుగా తిరిగొచ్చింది. 2013లో అందరి నోటా తిరిగిన ఒక కథ ఉంది. ఒక యువకుడు జెన్ గురువు దగ్గరికి వెళ్లి "నాకు డబ్బుంది, సుఖం లేదు" అంటాడు. ఎంత డబ్బు అని గురువు అడుగుతాడు. బ్యాంకులో ఎనిమిది అంకెల సొమ్ము, బీజింగ్ వూదావ్‌ఖౌలో మూడు ఇళ్లు అంటాడు. గురువు మాట్లాడకుండా చెయ్యి చాస్తాడు. "దానం చెయ్యమంటారా?" అని అడిగితే, "కాదు, థూహావ్, మనం స్నేహం చేద్దామా?" అంటాడు. కొట్టండి అన్న మాట పక్కన స్నేహం వచ్చి కూర్చుంది. వెక్కిరింపు, అసూయ రెండూ అందులోనే ఉన్నాయి.

ఇంకో మాట ఇంతకన్నా పాతది, లోతైనది: సూ. అలవాటు, ఆచారం, జనసామాన్యం అని మొదటి అర్థం. పక్కన మనిషి గుర్తు, ఇటు లోయ గుర్తు వేసి రాస్తారు. జనం చేసేది కాబట్టి మామూలుది, మామూలుది కాబట్టి నాసిరకం అని అర్థం జారింది. దీనికి ఎదురు మాట యా, అంటే సంస్కారం, నాజూకు.

మనకి ఇది కొత్తేమీ కాదు. అలంకార శాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం. గ్రామం అన్న మాటే దోషం పేరైంది. వాడుక భాషలో రాస్తామన్నవాళ్లని ఎదిరించడానికి గ్రాంథికవాదులు ఎత్తిన మాట కూడా గ్రామ్యమే, గిడుగు రామమూర్తి జీవితమంతా ఆ మాటతో పోరాడాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1917లో, హు షి అనే యువ పండితుడు చైనా సాహిత్యం బాగుపడటానికి ఎనిమిది సూత్రాలు ప్రకటిస్తే, అందులో ఒకటి "సూ మాటల్ని తప్పించవద్దు" అన్నది. అక్కడా ఇక్కడా ఒకే పోరు. అయితే భాషలో గెలిచిన పోరు ఇళ్ల గోడల మీద, ఒంటి మీద బట్టల మీద గెలవలేదు. "అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అని ఇప్పటికీ హాయిగా అనేస్తాం. అర్ధరాత్రి గొడుగు నిజంగానే అసందర్భం, దాన్ని ఎత్తిచూపడం న్యాయం. కానీ సామెత మొదలైంది గొడుగుతో కాదు, అల్పుడితో.

కూజాలో ఎన్ని కొమ్మలు

సు దుంగ్‌పో పదకొండో శతాబ్దపు కవి. హాంగ్‌జౌ దగ్గర ఒక భిక్షువు గదికి రాసిన పద్యంలో ఆయన భావం ఇది: మాంసం లేకుండా తినొచ్చు, వెదురు లేనిచోట మాత్రం ఉండకూడదు. మాంసం లేకపోతే మనిషి చిక్కిపోతాడు, వెదురు లేకపోతే సూ అయిపోతాడు. చిక్కినవాడు మళ్లీ ఒళ్లు చేస్తాడు, సూ అయినవాడికి మందు లేదు. చైనాలో చదువుకున్న ప్రతివాళ్లకీ ఇది నోటికి వస్తుంది. నాకు గుచ్చుకునేది ఆ చివరి మాట. మందు లేదు అన్నాక అది రోగం కాదు, జాతి లక్షణం అన్నట్టే.

నిజంగా మందు లేదా అని చూడాలంటే వెన్ జెన్‌హెంగ్ దగ్గరికి వెళ్లాలి. 1585లో సూజౌలో పుట్టాడు, ముత్తాత పేరున్న చిత్రకారుడు. మింగ్ రాజ్యం చివరి రోజుల్లో "మిగులు వస్తువులు" అనే అర్థం వచ్చే పేరుతో పన్నెండు భాగాల పుస్తకం రాశాడు. ఇల్లు, రాళ్లు, బల్లలు, చేపలు, అగరు, టీ, ఒక్కటీ వదల్లేదు. ఏది యా, ఏది సూ అని తేల్చి చెప్పాడు. పూలకూజా ఎలా పెట్టాలో చెప్పిన చోటు దగ్గరగా చూద్దాం.

వసంతంలో, చలికాలంలో కంచు కూజా వాడాలి. ఎండాకాలంలో, శరత్తులో పింగాణీది. పెద్ద సావడిలో పెద్దది, చదువుకునే గదిలో చిన్నది. కంచుకీ మట్టికీ విలువ, వెండి బంగారాలు తక్కువ రకం. కడియాలున్న కూజా వద్దు. జతగా పెట్టొద్దు. పూలు సన్నగా, పొందికగా ఉండాలి, కిక్కిరిసి ఉండకూడదు. ఒకే కొమ్మ పెడితే వంకర తిరిగిన పాత కొమ్మని ఏరాలి. రెండు పెడితే ఒకటి ఎత్తుగా, ఒకటి కిందకి ఉండాలి. రకాలు ఒకటో రెండో చాలు, అంతకు మించితే సారా కొట్టులా ఉంటుంది. పూలున్న గదిలో కిటికీలు మూసి అగరు వెలిగించకూడదు, పొగ తగిలితే పూలు వాడతాయి, నార్సిసస్ మరీ త్వరగా వాడుతుంది. బొమ్మలు గీసే బల్ల మీద పూలు పెట్టకూడదు.

వీటిలో చాలావాటికి కారణం చెప్పొచ్చు, ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు. చలికి నీళ్లు గడ్డకడితే పింగాణీ పగులుతుంది, కంచు తట్టుకుంటుంది. రెండు కొమ్మలు ఒకే ఎత్తులో ఉంటే చూపు ఎక్కడ ఆగాలో తెలీక వాటి మధ్య ఊగుతుంది. బంగారు కూజా మెరుస్తుంటే పువ్వుని చూడం, కూజాని చూస్తాం. బొమ్మల బల్ల మీద నీళ్లు ఒలికితే కాగితం పోతుంది. ఇవి వస్తువుకి సంబంధించిన తప్పులు. దిద్దుకుంటే పోతాయి. అంటే మందు ఉందన్నమాట. నియమాల పుస్తకం రాయడమే సు దుంగ్‌పోకి సమాధానం.

మరి "జతగా పెట్టొద్దు" అన్నదానికి కారణమేమిటి? జత శుభం అని నమ్మే ఇళ్లలో ప్రతిదీ రెండేసి ఉంటుంది. పెళ్లికి రెండు, పండక్కి రెండు. ఒంటిగా పెట్టడం అందంగా ఉండొచ్చు, కానీ జతని సూ అనడంలో పువ్వుకి ఒరిగేదేమీ లేదు. అక్కడ వెన్ ఎవరినో గుమ్మం బయట నిలబెడుతున్నాడు. సారా కొట్టు పోలిక కూడా అలాంటిదే. ఆ కాలంలో సూజౌ చుట్టుపక్కల పట్టు, పత్తి వ్యాపారంతో వెండి పోగుపడింది. వర్తకులు పాత కంచు పాత్రలు, చిత్రాలు కొనడం మొదలుపెట్టారు. వస్తువుల్ని డబ్బుతో కొనేయగలిగినప్పుడు, పండితుల చేతిలో మిగిలింది ఎలా పెట్టాలో తెలియడం ఒక్కటే. కాబట్టి వెన్ పుస్తకంలో ప్రతి నియమాన్నీ విడిగా పట్టుకుని, ఇది పువ్వు కోసమా, గుమ్మం కోసమా అని అడగాలి. చాలా నియమాలు రెండిటి కోసమూ ఉంటాయి, నన్ను తికమకపెట్టేవి అవే. కడియాలున్న కూజా నిజంగా పువ్వుకి అడ్డమా? సన్న మెడ కూజాకి రెండు పక్కలా కడియాలు వేలాడితే చూపు కిందకి లాగుతాయి, నిజమే. కానీ అవి ఇష్టపడే ఇల్లు ఎలాంటిదో కూడా ఆ మాట చెబుతోంది. ఇక్కడ నేను తేల్చలేను.

గాలిలో బంగారు రేకులు

ఉప్పు అమ్మే హక్కు, మింగ్ తరవాత వచ్చిన ఛింగ్ రాజవంశపు ప్రభుత్వం కొద్దిమంది వర్తకులకే ఇచ్చేది. వాళ్లలో చాలామంది పద్దెనిమిదో శతాబ్దంలో యాంగ్‌జౌలో ఉండేవాళ్లు. వాళ్ల ఆర్భాటాల గురించి 1795లో అచ్చయిన ఒక గ్రంథం చెప్పే కథలు నమ్మశక్యంగా ఉండవు. ఒకాయన పదివేల లియాంగ్‌ల వెండి (ఒక లియాంగ్ అంటే మన మూడు తులాల పైచిలుకు) ఒక్క ఊపులో ఖర్చు చేయాలనుకున్నాడు. అతని మనిషి ఆ సొమ్మంతా పెట్టి బంగారు రేకు కొని, చిన్‌షాన్ గోపురం ఎక్కి గాలిలోకి వదిలాడు. క్షణంలో నది గట్టు మీది గడ్డిలో, చెట్లలో చెల్లాచెదురైంది, తిరిగి ఏరడానికి లేదు. ఇంకొకాయన మూడువేలు పెట్టి ఎంత పడదోసినా లేచి నిలబడే సూజౌ బొమ్మలన్నీ కొని నీళ్లలో వదిలితే కాలవ పూడుకుపోయింది.

బంగారు రేకు ఎంత పలచనిదో తెలిస్తే మొదటి కథ కళ్లకి కడుతుంది. బాగా సాగగొట్టిన రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. ఒక్క గ్రాము బంగారం అర చదరపు మీటరు పరుచుకుంటుంది. ఊపిరి తగిలితే లేచిపోతుంది, వేలికి అంటితే ఊడిరాదు. అందుకే రేకు అంటించేవాళ్లు కిటికీలు మూసుకుని, చేతితో ముట్టుకోకుండా పని చేస్తారు. గోపురం మీద నుంచి వదిలాక నిజంగానే తిరిగిరాదు.

ఇది సూ అనడానికి నాకు సందేహం లేదు. కానీ ఆ ఊరి వర్తకుల్లోనే "మా" అనే ఇంటిపేరున్న కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ల గ్రంథాలయం ఊరి పండితులకి తెరిచి ఉండేది. ఛియెన్‌లోంగ్ చక్రవర్తి దేశంలోని పుస్తకాలన్నీ పోగుచేయిస్తున్నప్పుడు ఆ ఇంటి నుంచి 776 గ్రంథాలు పంపారు. డబ్బు వచ్చిన దారి ఒకటే, ఉప్పు. ఒకరు గాలికి వదిలారు, ఒకరు పుస్తకాలు కొన్నారు. "వర్తకుడు, కాబట్టి సూ" అన్న సమీకరణం అదే ఊరిలో, అదే కాలంలో చెల్లలేదు.

అదే ఊళ్లో జెంగ్ బాన్‌ఛ్యావ్ ఉండేవాడు. వెదురు బొమ్మలు గీయడంలో చైనా అంతా చెప్పుకునే పేరు. సూ రోగానికి సు దుంగ్‌పో చెప్పిన మందు వెదురే కదా. 1759లో జెంగ్ ఆ మందుకి ధరల పట్టీ రాసి పెట్టాడు: పెద్ద బొమ్మ ఆరు లియాంగ్‌ల వెండి, మధ్య రకం నాలుగు, చిన్నది రెండు, ద్విపదులకి ఒకటి, విసనకర్రకి అర. కానుకలు, తినుబండారాలు తెచ్చేకన్నా తెల్ల వెండి మేలు అని కూడా అందులోనే రాశాడు. పండితులు డబ్బు మాటెత్తితే తప్పు అనుకునే కాలంలో ఆయన అలా రాయడం నాకు ఎంతో నచ్చుతుంది. వెదురు యా, వెండి సూ అనే అబద్ధాన్ని ఆయన మోయలేదు.

పదిహేను పూతల కూజా

ఆర్భాటం అనగానే ఇప్పటి చైనా యువత ముందుగా చూపించేది ఛియెన్‌లోంగ్ చేయించిన పెద్ద కూజాని. బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది, ఎత్తు 86.4 సెంటీమీటర్లు. అడుగు నుంచి మూతి వరకు వరసలు వరసలుగా పదిహేను రకాల గాజు పూతలు, రంగులు. నీలి-తెలుపు ఒక వరస, పగుళ్ల పూత ఒక వరస, లేతాకుపచ్చ ఒకటి, పొట్ట చుట్టూ పన్నెండు చట్రాల్లో బొమ్మలు, మధ్యలో బంగారం. 2017లో ఒక టీవీ కార్యక్రమంలో ఈ కూజా కథని నాటకంగా వేశాక, చక్రవర్తి అభిరుచి మీద జనం విరగబడి నవ్వారు.

ఈ కూజా చేయడం ఎంత కష్టమో ముందు చెప్పాలి. నీలి-తెలుపుకి కోబాల్టు రంగుని పచ్చి మట్టి మీద గీసి, పైన పూత పోసి, 1300 డిగ్రీల దరిదాపుల్లో, గాలి తగ్గించిన బట్టీలో కాలుస్తారు. లేతాకుపచ్చకీ గాలి తక్కువ మంటే కావాలి. పగుళ్ల పూత చల్లారేటప్పుడు లోపలి మట్టి కన్నా ఎక్కువ ముడుచుకోవాలి, అప్పుడే పగులుతుంది. కానీ దాని పక్క వరస పగలకూడదు. పెద్ద మంట పూతలన్నీ అయ్యాక, పైరంగులు గీసి 700-800 డిగ్రీల చిన్న బట్టీలో మళ్లీ కాల్చాలి. బంగారం అన్నిటికన్నా చివర, ఇంకా తక్కువ వేడిలో. క్రమం తప్పితే ముందు వేసిన రంగు మాడిపోతుంది. ప్రతి కాల్పులో ఐదింట నాలుగు బతుకుతాయనుకున్నా, ఐదు కాల్పులయ్యేసరికి మూడింట ఒకటే మిగులుతుంది. ఇంత పెద్ద కూజా వంకర పోకుండా నిలవడం వేరే కష్టం. పింగాణీకి పేరున్న జింగ్‌దెజెన్ ఊరి పనివాళ్ల చేతి గొప్పతనానికి అది సాక్ష్యం.

అయినా అది బాగా లేదు. ఏ వరసకి ఆ వరస అందంగానే ఉంది, పక్కది దాన్ని బతకనివ్వడం లేదు. పగుళ్ల పూత అందమంతా నిదానంగా చూడటంలో ఉంది, దాని నెత్తిన గులాబీ రంగు పూలు, కాళ్ల దగ్గర బంగారం ఉంటే ఎవరు ఆగి చూస్తారు? బట్టల కొట్టులో నమూనా గుడ్డలన్నీ ఒకదానికొకటి కుట్టి చొక్కా వేసుకున్నట్టుంది. మా పనివాళ్లు ఇవన్నీ చేయగలరు అని చూపించే పట్టికగా అది గెలిచింది, కూజాగా ఓడింది. వస్తువు మీద విమర్శ అంటే నా ఉద్దేశం ఇది. ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించవచ్చు.

మరి జనం ఏమని నవ్వారు? "రైతు విడిది అభిరుచి" అన్నారు. పట్నవాసులు సెలవు రోజుల్లో పల్లెల్లో దిగి భోంచేసే రైతుల ఇళ్లకి చైనాలో వాడే పేరు అది. ఆ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద పూల బొమ్మలుంటాయి కాబట్టి ఆ పోలిక. ఆలోచిస్తే ఎంత అన్యాయం. ఛియెన్‌లోంగ్ ఒక చక్రవర్తికి మనవడిగా పుట్టి, రాజభవనాల్లో పెరిగి, నలభై వేలకు పైగా పద్యాలు తన పేర రాయించుకున్నవాడు. దేశంలోని అత్యుత్తమ చిత్రాలన్నీ ఆయన చేతి మీదుగా పోయాయి, వాటి మీద ఖాళీ లేకుండా ముద్రలు కొట్టాడు. మట్టి ఏనాడూ ఆయన కాలికి అంటలేదు. అలాంటివాడు తప్పు చేస్తే తిట్టడానికి కూడా మాట పల్లెటూరి నుంచే తెచ్చుకున్నారు. కూజా రాజుది, పరువు పోయింది రైతుది.

మెరవని లంచం

ఇక్కడ ఒక గట్టి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. థూహావ్ అని నవ్వేవాళ్లు పేదల మీద నవ్వడం లేదు, అక్రమంగా డబ్బు చేసినవాళ్ల మీద నవ్వుతున్నారు, బలహీనుడి చేతిలో నవ్వే ఆయుధం అంటారు. 2011లో గువో మెయ్‌మెయ్ అనే యువతి రెడ్‌క్రాస్‌లో ఉద్యోగినని చెప్పుకుంటూ ఖరీదైన కార్లు, సంచుల ఫొటోలు వెయిబోలో పెట్టింది. రెడ్‌క్రాస్ తనకి సంబంధం లేదని చెప్పినా జనం నమ్మకం పోయింది, విరాళాలు పడిపోయాయి. అక్కడ జనం కోపం న్యాయమైనదే.

కానీ ఆ కోపం డబ్బు వచ్చిన దారి మీద. సంచీ రంగు మీద కాదు. ఆమె అవే డబ్బులతో ఒక పాత సిరా బొమ్మ కొని, తెల్ల గోడకి తగిలించి ఊరుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఊహించి చెప్పడం లేదు, దానికి చైనా భాషలో మాటే ఉంది: యాహ్వెయ్. యా అంటే నాజూకు, హ్వెయ్ అంటే లంచం. నగదు బదులు చిత్రాలు, జేడు రాళ్లు, పాత పింగాణీ, చేతిరాతలు ఇస్తారు. వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి ఇలా నడుస్తుంది. పని కావాల్సినవాడు అధికారికి ఒక నకిలీ బొమ్మ ఇస్తాడు, దాని ఖరీదు వందల్లో ఉంటుంది. అధికారి బంధువు దాన్ని వేలంలో పెడతాడు. ఇచ్చినవాడే లేదా అతని మనిషి లక్షలకి పాడుకుంటాడు. డబ్బు అధికారికి చేరింది, కాగితాల్లో అది బొమ్మ అమ్మకం. పట్టుబడితే "నకిలీ అని తెలీదు" అనొచ్చు, నకిలీకి విలువ లేదు కాబట్టి లంచం తక్కువే అని కూడా వాదించొచ్చు.

2010లో మరణశిక్ష అమలైన చోంగ్‌ఛింగ్ అధికారి వెన్ ఛియాంగ్ దగ్గర దొరికిన వాటిలో ప్రసిద్ధ చిత్రకారుడు జాంగ్ దాఛియెన్ పేరున్న కొండల చిత్రం ఒకటి ఉంది. మొదట దాని విలువ 36 లక్షల 40 వేల యువాన్లు అని లెక్కకట్టారు. మళ్లీ పరీక్షిస్తే మామూలు నకలు అని తేలింది. ఒక బొమ్మ విలువ ఎంతో తేలక కోర్టు తలపట్టుకుంది. బంగారు కడ్డీ అయితే తూకం వేస్తే చాలు.

బంగారు కుళాయి పెట్టుకున్నవాడు కనీసం కంటికి కనిపిస్తాడు. డబ్బు గురించిన ప్రశ్నని రుచి గురించిన నవ్వుగా మారిస్తే, రుచి తెలిసిన దొంగ పక్కనుంచి జారిపోతాడు. కాగితం టోపీలు పెట్టిన హూనాన్ రైతులకి ఆ గందరగోళం లేదు. వాళ్లు భూమి ఎవరిదని అడిగారు, దొర గోడకి ఏ రంగు వేశాడని అడగలేదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. 2000ల తరవాత దక్షిణ చైనా ఫ్యాక్టరీల్లో పనిచేసే పల్లెటూరి పిల్లలు కొందరు జుట్టుకి ఎరుపు, ఊదా రంగులేసి, ముళ్లలా నిలబెట్టుకునేవాళ్లు. "స్మార్ట్" అన్న ఇంగ్లీషు మాటని చైనా అక్షరాల్లో పలికి వాళ్లని షామాథె అన్నారు. చేతిలో డబ్బు లేదు. రోజంతా అసెంబ్లీ లైను దగ్గర ఒకే రంగు యూనిఫాం. తల మీద జుట్టొక్కటే వాళ్లది. అక్రమ సంపాదన మీద కోపమే ఈ వెక్కిరింతకి మూలమైతే ఈ పిల్లల్ని వదిలేయాలి. వదలలేదు. ఇంటర్నెట్‌లో వాళ్ల గుంపుల్లోకి దూరి తిట్టారు, వీధుల్లో కొట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. థూ ఉంటే చాలు, హావ్ లేకపోయినా తిట్టు తగులుతుంది.

ఎర్ర రజాయి

దోంగ్‌బెయ్ పూలగుడ్డ గురించి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. చైనా ఈశాన్య మూలన చలికాలం ఐదారు నెలలుంటుంది. అక్కడి రజాయిలకి వాడే నూలు గుడ్డ నేల ముదురు ఎరుపు, దాని మీద అరచేతి కన్నా పెద్ద గులాబీ, పసుపు పియోనీ పూలు, చుట్టూ పచ్చని ఆకులు, కొన్నిటి మీద ఫీనిక్స్ పక్షి. సూ అన్న మాటకి బొమ్మ గీయమంటే చైనాలో చాలామంది ఇదే గీస్తారు. ఎరుపు పక్కన పచ్చ పెట్టడం అక్కడ మోటుతనానికి మారుపేరు. 2023 చలికాలంలో హార్బిన్ మంచు పండగకి వచ్చిన దక్షిణాది యాత్రికులు ఇదే గుడ్డతో కుట్టిన దూది కోట్లు సరదాగా తొడుక్కుని ఫొటోలు దిగారు.

ఆ గుడ్డని నగరంలో సోఫాకి, కర్టెన్లకి, గోడకి అంతటా పరిస్తే తల తిరుగుతుంది, అది నిజం. మరి అది పుట్టిన ఇంట్లో ఎలా ఉండేది? 1954 నుంచి 1983 వరకు చైనాలో గుడ్డకి రేషను ఉండేది. కూపన్లు ఉంటేనే గుడ్డ. పెళ్లి రజాయి కోసం ఇంటిల్లిపాదీ కూపన్లు దాచేవాళ్లు. కాబట్టి పూలగుడ్డ రజాయి పైభాగానికే. లోపలి వైపు తెల్ల గుడ్డ. ఆ తెల్ల గుడ్డని పూలగుడ్డ కన్నా వెడల్పుగా కత్తిరించి, నాలుగు వైపులా పైకి మడిచి, పెద్ద పెద్ద కుట్లతో పట్టిస్తారు. ఉతకాల్సి వచ్చినప్పుడు కుట్లు విప్పి, దూది బయటికి తీసి ఎండబెట్టి, గుడ్డలు ఉతికి మళ్లీ కుడతారు. మెడకి తగిలే చోట ముందుగా మాసేది తెలుపే, పూలగుడ్డ చాలా ఏళ్లు నిలుస్తుంది. అలా మడవడం వల్ల ఎర్ర పూల చుట్టూ జానెడు తెల్ల అంచు వస్తుంది.

గది గోడలు మట్టివి, కిటికీ అద్దాల మీద మంచు. కింద పొయ్యి పొగ తిరిగే ఇటుక అరుగు, దాన్ని ఖాంగ్ అంటారు, ఇల్లంతా పడుకునేది దాని మీదే. పగలు రజాయిలు పరిచి ఉంచరు. పొద్దున్నే మడతపెట్టి ఖాంగ్ చివర ఉన్న పెట్టె మీద ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. బూడిద రంగు గదిలో ఒక మూల మాత్రం, తెలుపు మధ్యలో మూడు నాలుగు ఎర్ర చారలు కనిపిస్తాయి.